కారు లేని షెడ్డులో వృత్తాలు

జులై 8

జడ్జిగారికి ఈ రోజు జామెట్రీ బాక్సు వచ్చింది.

జడ్జిగారంటే నా మనవడు, కూతురి కొడుకు. ఆరో తరగతి. పుట్టినప్పటి నుంచి వాడి కాళ్ళు వాడి మాట వినవు. అందుకని చక్రాల కుర్చీ. అందులో నిటారుగా కూర్చుని ఇంటిల్లిపాదినీ ప్రశ్నలు అడుగుతుంటాడు గనక ఆ బిరుదు నేనే ఇచ్చాను. వాయిదాలు కూడా వేస్తాడు, ముఖ్యంగా స్నానానికి.

చేతుల సంగతి వేరు. పెద్ద పనులకు గట్టివే. కుర్చీ తోసుకుంటాడు, తలుపులు నెడతాడు, వాళ్ళ నాన్న చెవి మెలిపెడతాడు. చిన్న పనికి దిగితేనే వణుకు. పెన్సిలు పట్టుకుంటే వాడు ఒక దారి, అక్షరం ఒక దారి. పరీక్షల్లో వాడు చెబుతుంటే పక్కన ఇంకొకరు రాస్తారు. ఇన్నాళ్ళూ బండి అలాగే నడిచింది.

ఇప్పుడు జామెట్రీ. చెప్పింది రాసిపెట్టవచ్చు. గీయాల్సింది ఇంకొకరు గీస్తే అది ఎవరి బొమ్మ?

ముల్లు కాగితంలో గుచ్చి కాంపస్ తిప్పాడు. ముల్లు లేచిపోయింది. మళ్ళీ గుచ్చాడు. కాగితం చిరిగింది. మూడోసారి ముల్లు బల్లలోకి దిగింది గానీ పెన్సిలు వాడి చొక్కా మీద నడిచింది. బాక్సు మూసేశాడు. ఎప్పుడూ వాగే పిల్లాడు నోరు మూసుకుంటే ఇల్లు ఎంత పెద్దదో తెలుస్తుంది.

లెక్కల మాస్టారు కబురు చెప్పాడట: బొమ్మల ప్రశ్నలు బాబు వదిలేయొచ్చు, వాటి మార్కులు మిగతా వాటిలో సర్దుతాం, కంగారుపడకండి అని. మంచివాడే, కుర్రాడు. కంగారుపడకండి అనేవాళ్ళను చూస్తేనే నాకు కంగారు.

జులై 9

నేనూ ఉద్యోగమంతా హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్నే. పిల్లలు నన్ను స్కేలు టీచర్ అనేవాళ్ళు. కొట్టేదాన్నని కాదు, నిలబడే తీరుకి. జామెట్రీ అంటే నాకు ప్రాణం. మా ఇంట్లోనే ఒకడికి జామెట్రీ రాకపోతే నేనేం ముఖం పెట్టుకు తిరగాలి?

వాడి చేతి మీద నా చేయి వేసి కాంపస్ తిప్పించాను. వృత్తం పండు వెన్నెల్లా వచ్చింది.

జడ్జిగారు తల వంచి పరిశీలించాడు. ఇది నీ వృత్తం అమ్మమ్మా, నాదేదీ, అన్నాడు.

కాంపస్ తీసి బాక్సులో పెట్టేశాను. 

జులై 12

మా అల్లుడు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు. ఏదైనా విరిగితే టేపు వేస్తాడు. విరగకపోయినా వేస్తాడు. రెండు రోజులు కూర్చుని కాంపస్ కాళ్ళకి స్పాంజి చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, పైన పాత తలుపు గుండీ బిగించాడు. ఆస్పత్రి నుంచి పారిపోయి వచ్చిన పేషెంటులా ఉంది. జడ్జిగారు తిప్పాడు. గుండీ ఊడి మంచం కిందికి పోయింది.

అల్లుడు పట్టు వదలలేదు. డబ్బా మూత తెచ్చి, దీని చుట్టూ పెన్సిలు పోనీ నాన్నా, గుండ్రంగానే వస్తుందిగా అన్నాడు. అది మూత గీసిన వృత్తం నాన్నా, నేను గీసింది కాదు అని తీర్పు వచ్చేసింది. అల్లుడు నా వంక చూశాడు. మీ వంశమే అత్తయ్యగారూ అన్నాడు. అవును మరి, మా వంశమే.

జులై 13

షెడ్డు నేల మీద తడి గీతలు. వంకరగా. ఎవరివో, ఎందుకో.

జులై 16

షెడ్డంటే కారు షెడ్డు. ఇల్లు కట్టినప్పుడు కారు కొంటామనుకుని కట్టించాం. కారు రాలేదు, షెడ్డు ఉండిపోయింది. నున్నటి సిమెంటు నేల. జడ్జిగారు బడి నుంచి రాగానే ఓ గంట అందులోనే కుర్చీలో తిరుగుతాడు. మా అమ్మాయి మందుల షాపులో పని ముగించుకుని వచ్చేసరికి ఎలాగూ పొద్దు కుంకుతుంది, నేను వంటింట్లో ఉంటాను, కనక షెడ్డులో వాడిదే రాజ్యం.

ఇల్లు తుడిచే ఆమె పొద్దున ఫిర్యాదు తెచ్చింది. అమ్మగారూ, నా తడిగుడ్డ రోజూ మాయమైపోతోంది, బకెట్లో నీళ్ళూ ఉండట్లేదు, ఆ షెడ్డులో చూస్తే మురికి మరకలు, తుడిచిన మర్నాడు మళ్ళీ అవే, నా వల్ల కాదమ్మా అంది. దయ్యాలేమో అని కూడా అంది, ఆశగా.

వెళ్ళి చూశాను. ఎండిన మరకల్లో నెలవంకల్లాంటి ముక్కలు. కొన్ని పెద్ద వంపులు. బకెట్ అడుగు అంత పెద్దగా ఉండదు. పైపు చుట్ట అనుకుందామంటే మాకు పైపే లేదు.

జడ్జిగారిని అడిగాను. నాకేం తెలుసు అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు వాడి చెవులు ఎర్రబడతాయి. నా చెవులూ అంతే, అందుకే నేను చెప్పడం మానేశాను.

జులై 18

ప్రిన్సిపాల్ మేడం పిలిచింది. మా అమ్మాయికి సెలవు దొరకలేదు. నేను వెళ్ళాను.

విషయం ఇది. ఆరో తరగతి మేడ మీద. రోజూ పొద్దున ఇద్దరు కుర్చీ ఎత్తి పైకి చేర్చాలి, సాయంత్రం దించాలి. వచ్చే టర్మ్ నుంచి బాబుని కింద యాక్టివిటీ రూములో కూర్చోబెడదాం అంటుంది. అక్కడ ఏం చేస్తారని అడిగాను. రంగులు వేస్తారు, పూసలు గుచ్చుతారు, చాలా హ్యాపీగా ఉంటారండీ అంది. పూసలు గుచ్చే చేతులైతే కాంపసే తిప్పేవాడు కదమ్మా అన్నాను.

ఆవిడ చెడ్డది కాదు. బల్ల మీద మోచేతులు ఆనించి నిజం చెప్పింది. మెట్లొక్కటే అయితే గది మార్చేస్తాను మేడం, స్టాఫ్ రూము కిందే ఉంది. కానీ ఇక నుంచి జామెట్రీ, సైన్సు బొమ్మలు, మ్యాపులు. క్లాసులో ఉండి వదిలెయ్, వదిలెయ్ అని వినిపించుకుంటూ కూర్చుంటే పిల్లాడికి ఎలా ఉంటుంది? పాఠమే అందనప్పుడు గది మార్చి ఏం లాభం చెప్పండి, అంది.

అందుతుందని చూపిస్తే అన్నాను.

చూపించండి, ఆగస్టులో యూనిట్ టెస్టు అంది.

ఇంటికొచ్చి చెప్తే మా అమ్మాయి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. పోనీలే అమ్మా, కిందైతే వాణ్ణి ఎత్తేవాళ్ళు జారిపడతారేమోనన్న భయమైనా ఉండదు, నాకు ఓపిక లేదు, అంది. ఓపిక లేదన్న మాట నిజం. పోనీలే అన్న మాట నిజం కాదు. జడ్జిగారు వింటూనే ఉన్నాడు. కింది గదిలో కిటికీ కూడా లేదమ్మా అన్నాడు. అంతే అన్నాడు.

జులై 21, మధ్యాహ్నం 3

ఆదివారం. అంతా పడుకున్నారు. నేను కొలత టేపు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను.

నిన్నటి మరకల్లో ఒక వంపు బాగా పెద్దది దొరికింది. వంపు ముక్క చేతికి దొరికితే కేంద్రం ఎక్కడుందో పట్టుకోవడం నాకు కొట్టిన పిండి. దాని మీద మూడు చోట్ల సుద్దతో చుక్కలు పెట్టి, చుక్కకీ చుక్కకీ మధ్య గీతలు గీసి, వాటిని సగం చేసి, లంబాలు వేశాను. మోకాళ్ళు తిట్టాయి. పెద్దగా పట్టించుకోలేదు.

రెండు లంబాలూ కలిసిన చోట, సరిగ్గా ఆ చోటే, నేల మీద నల్లటి రబ్బరు మరక. అరిగి అరిగి నున్నగా ఉంది. ఎవరో అక్కడే నిలబడి ఒకే చోట గిర్రున తిరిగినట్టు.

ఇంకో వంపుకీ చేశాను. దాని కేంద్రంలోనూ మరక.

వెన్ను జలదరించింది. ఈ వయసులో అలా జలదరిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటారు. నేను టీ పెట్టుకున్నాను.

జులై 23, సాయంత్రం 5

వంటింటి కిటికీ నుంచి చూశాను.

జడ్జిగారు తడిగుడ్డతో కుడి చక్రాన్ని తుడిచాడు, శుభ్రంగా కాదు, తడిగా. ఎడమ చక్రానికి బ్రేకు బిగించాడు. కుడి చేత్తో కుడి చక్రాన్ని మాత్రమే తోశాడు. ఎడమ చక్రం నిలబడ్డ చోటే నిలబడింది. కుడిది దాని చుట్టూ తిరిగి వచ్చింది. వెనకాల నేల మీద తడి వృత్తం.

ఒక కాలు పాతుకుని ఉంటుంది, ఇంకోటి నడుస్తుంది. కాంపస్ అంటే అంతే కదా. ఇన్నేళ్ళు చెప్పాను, దాని లోపల ఎక్కి కూర్చోవచ్చని నాకు తట్టలేదు.

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పొంగనీ అనుకున్నాను.

జులై 24

అల్లుడికి చెప్పాను. కళ్ళు తుడుచుకున్నాడు, తర్వాత చక్రానికి టేపు వేద్దామా అన్నాడు. వద్దన్నాను.

జులై 25

ఈ రోజు షెడ్డులోకి నేనే ముందు వెళ్ళాను. సుద్దతో గీత గీశాను, రెండు చివర్లకీ చుక్కలు పెట్టాను, పక్కన కొలత టేపు, కొలబద్ద, డస్టరు. జడ్జిగారు బడి నుంచి వచ్చి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

నేను ఆగలేదు. రా నాన్నా, నువ్వు చేస్తున్నది ఏమిటో నీకు తెలుసా, ఈ చుక్క మీద ఎడమ చక్రం పెట్టు, ఒక వృత్తం, ఇప్పుడు ఆ చుక్క మీద పెట్టు, ఇంకో వృత్తం, రెండూ ఎక్కడ కోసుకున్నాయో చూడు, పైన ఒకటి, కింద ఒకటి, వాటిని కలిపే గీత ఈ గీతను సరిగ్గా సగం చేస్తుంది, దీన్ని లంబ సమద్విఖండన రేఖ అంటారు, మళ్ళీ చెప్పు, కుర్చీ కొంచెం ముందుకు, ఆ, అంత కాదు, వెనక్కి, అని. చప్పట్లు కూడా కొట్టాననుకుంటా. వాడు చెప్పినట్టల్లా చేశాడు. అన్నీ సరిగ్గా వచ్చాయి. నేను మురిసిపోయాను.

అయిపోయిందా అమ్మమ్మా అని అడిగి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

జులై 26

షెడ్డు నేల పొడిగా ఉంది.

జులై 29

ఇంకా పొడిగానే ఉంది. ఇల్లు తుడిచే ఆమె చాలా సంతోషంగా ఉంది. తడిగుడ్డ దొరికిందట.

జడ్జిగారు బడి నుంచి వచ్చి టీవీ ముందు కూర్చుంటున్నాడు. షెడ్డుకి వెళ్ళవా అంటే, నువ్వు ఉంటావుగా అన్నాడు. అందులో ఎగతాళి లేదు. ఉంటే తట్టుకునేదాన్ని.

ఏం చేశానో నాకు తెలుసు. వాడి చేయి పట్టుకుని గీయించాను, ఈసారి చేయి ముట్టుకోకుండా. టీచర్లకు మాత్రమే వచ్చే జబ్బు ఇది. ఎవరైనా ఏదైనా కనిపెడుతుంటే పక్కన నిలబడి దానికి పేరు చెప్పేస్తాం.

మా అమ్మాయి అడిగింది, వాడికీ నీకూ ఏమైంది అమ్మా, కోర్టుకి సెలవులా అని. చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నాకూ చిన్నప్పుడు అలాగే చేశావు, అందుకే నేను లెక్కలు వదిలి మందులు పట్టుకున్నాను అంది, పప్పులో ఉప్పు చాలలేదని చెప్పినంత మామూలుగా. తర్వాత నవ్వింది. అప్పుడు నేను నవ్వలేదు.

జులై 30, సాయంత్రం 6

క్షమించమని వాణ్ణి అడగవచ్చు. అడిగితే దానికీ ఓ ఉపన్యాసం జతచేస్తాను, నా సంగతి నాకు తెలియదా.

బకెట్ నిండా నీళ్ళు పట్టి షెడ్డులో పెట్టాను. దాని అంచున కొత్త తడిగుడ్డ, నా పాత చీర చింపిందే. నా సుద్ద గీతలు తుడిచేశాను. కొలబద్ద, టేపు ఇంట్లోకి తెచ్చేశాను. వంటింటి కిటికీకి తెర వేశాను, కొక్కేనికి తగిలించి. జడ్జిగారు రాగానే, నేను వీధి చివరిదాకా నడిచి వస్తాను, మోకాళ్ళు పట్టేశాయి అని చెప్పి బయటపడ్డాను. చెవులు ఎర్రబడే ఉంటాయి. వాడు చూశాడో లేదో.

వీధి చివరి దాకా నడిచాను. అక్కడ చూడటానికి ఏమీ లేదు. ఓ కిరాణా కొట్టు, సైకిలు షాపు, బస్సు స్టాపు బెంచీ. బెంచీ మీద కూర్చుని, నా కుతూహలాన్ని ఒళ్ళో పెట్టుకుని పసిపాపలా ఊపుతూ కూర్చున్నాను.

ఆగస్టు 2

బకెట్లో నీళ్ళు తగ్గాయి. తెర తీయలేదు. నన్ను నేనే మెచ్చుకుంటున్నాను, ఇంకెవరూ మెచ్చుకోవడం లేదు గనక.

ఆగస్టు 4

జడ్జిగారు కబురు పంపాడు. అమ్మమ్మని రమ్మను, కానీ మాట్లాడకూడదు, అని వాళ్ళ నాన్నతో. నేను మాట్లాడకుండా వెళ్ళాను. మా అల్లుడు ఆ దృశ్యం చూసి ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

నేల మీద పువ్వు. ముందు ఒక వృత్తం గీశాడట. తర్వాత ఎడమ చక్రాన్ని ఆ వృత్తం అంచు మీదికి తెచ్చి ఇంకోటి గీశాడు. ఆ రెండూ కోసుకున్న చోటికి చక్రాన్ని జరిపి మరోటి. అలా అంచు వెంబడి జరుపుతూ పోతే, ఆరోది గీశాక కుర్చీ మొదలుపెట్టిన చోటికే వచ్చేసింది. లోపల ఆరు రేకుల పువ్వు. అక్కడక్కడ ఎండిపోతోంది, వాడు గబగబా చూపించాడు.

నాలుగుసార్లు గీశాను అమ్మమ్మా, ప్రతిసారీ ఆరే వస్తోంది. ఐదున్నర ఎందుకు రాదు? ఆరు దగ్గర కొంచెం మిగలొచ్చుగా? కుర్చీ వేరేదైతే ఏడు వస్తుందా? అని అడిగాడు.

ఎన్ని వందల మంది పిల్లల చేత ఆ పువ్వు గీయించానో. ఎవరూ అడగలేదు. ఆరు వస్తుందని నేను చెప్పాను, వాళ్ళు రంగులు వేసుకున్నారు.

జవాబు నాలుక కొసన ఉంది. మాట్లాడకూడదని ఉత్తర్వు ఉంది కదా అని సైగ చేసి చూపించాను. అది చాలా మంచి ఉత్తర్వు అని ఇంట్లోకి వచ్చాక అర్థమైంది.

ఆగస్టు 7, పొద్దున 7

బ్రష్ చేసుకుంటూ, నోట్లో నురగతో, తీర్పు చెప్పాడు. మధ్యలో చుక్క, అంచు మీద ఒక చుక్క, దాని పక్క చుక్క. ఎటు నుంచి ఎటు చూసినా ఒక కుర్చీ వెడల్పే అమ్మమ్మా, మూడు వైపులా సమానం, అలాంటి ముక్కలు ఆరు కలిస్తే మధ్య చుక్క చుట్టూ నేల నిండిపోతుంది, వాటికి మిగలడం తెలీదు. ఏ కుర్చీ అయినా అంతే.

నోరు పుక్కిలించి ఉమ్మెయ్ ముందు అన్నాను. 

ఆగస్టు 9

లెక్కల మాస్టారుని కలిశాను. ముందు అర్థం కాలేదు. బాబు కుర్చీ తిప్పుతాడా మేడం, ఎక్కడ, ఎందుకు అన్నాడు. స్టాఫ్ రూములో ఉన్న ఓ స్టూలుని ఒక కాలి మీద తిప్పి చూపించాను. పక్క టీచర్లు కాఫీ కప్పులు ఎత్తిపట్టుకున్నారు. మాస్టారు స్టూలుని చూశాడు, నన్ను చూశాడు, అయ్య బాబోయ్ అన్నాడు. కుర్రాడే కదా, వెంటనే ముఖం వెలిగిపోయింది. యూనిట్ టెస్టులో గీతను సగం చేసే ప్రశ్న ఉంది, బాబు ప్రార్థన హాలు నేల మీద గీస్తాడు, క్లాసంతా చూస్తుంది, నేను గీత గీసిస్తాను అన్నాడు. ప్రిన్సిపాల్ మేడం కూడా ఒప్పుకుంది. చేస్తే స్టాఫ్ రూము ఖాళీ చేయిస్తాను, చేయలేకపోతే నా మాట వినాలి మరి అంది. సరేనన్నాను.

ఇంటికొచ్చి చెప్తే జడ్జిగారు ఒక్క షరతు పెట్టాడు. నువ్వు రావచ్చు, నోరు తెరిస్తే కోర్టు బయటికి పంపిస్తాను అన్నాడు.

ఆగస్టు 19, మధ్యాహ్నం 2

ఇప్పుడే ఇంటికొచ్చాను. 

హాల్లో ఆరో తరగతి పిల్లలంతా గోడ వెంబడి. మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. ప్రిన్సిపాల్ మేడం చేతులు కట్టుకుని నిలబడింది. పిల్లలు డస్టర్లు దులిపి న్యూస్ పేపరు మీద సుద్దపొడి కుప్ప పోశారు, అందరూ తుమ్ముతున్నారు. కుడి చక్రాన్ని వాడు అందులో దొర్లించుకున్నాడు. చక్రం తెల్లబడింది.

మాస్టారు దారం పట్టి నేల మీద గీత గీశాడు. అందరికీ కనబడాలని ఉత్సాహంలో పొడుగ్గా గీశాడు. చాలా పొడుగ్గా.

నాకు చూడగానే తెలిసిపోయింది. వాడి కాంపస్ సైజు మారదు కదా. కుర్చీ వెడల్పు ఎంతో వృత్తం వ్యాసార్థం అంతే. గీత కుర్చీ వెడల్పుకి రెండింతలు దాటితే రెండు చివర్ల నుంచి గీసిన వృత్తాలు కలవవు. ఇది దాటిపోయింది. మాస్టారికి తెలియదు. ఆయన కాంపస్‌ని ఎంత కావాలంటే అంత తెరుచుకుంటాడు.

నోరు తెరవబోయాను. జడ్జిగారు నా వైపు చూడకుండానే వేలు ఎత్తాడు.

మొదటి చివర ఎడమ చక్రం, బ్రేకు, వృత్తం. పిల్లలు ఓ అన్నారు. రెండో చివర, వృత్తం. రెండు వృత్తాలూ దూరం దూరంగా, ముఖాలు చూసుకోని చుట్టాల్లా. మధ్యలో ఖాళీ. ఎవరో పిల్ల, కలవలేదు సార్ అంది.  ప్రిన్సిపాల్ మేడం చేతులు విప్పి మళ్ళీ కట్టుకుంది. మా అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది, ఆ గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

మాస్టారు ముఖం పాలిపోయింది. నాదే పొరపాటు బాబూ, చిన్న గీత గీసిస్తాను అని డస్టరు తీసుకున్నాడు. ఉండనివ్వండి సార్ అన్నాడు జడ్జిగారు.

కూర్చుని చూశాడు. నాకు జవాబు తెలుసు. ఇలా నలుగురి ముందు ఒక జవాబుని నోట్లో పెట్టుకుని మింగకుండా, ఉమ్మకుండా నిలబడటం ఎంత కష్టమో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. కళ్ళజోడు తీసి దాని కాడ కొరుకుతూ నిలబడ్డాను. కాడ విరిగింది. అల్లుడు టేపు వేస్తాడు.

వాడు కుర్చీని మెల్లగా గీత వెంబడి తోసుకుంటూ వెళ్ళాడు. మొదటి వృత్తం గీతను కోసిన చోట ఆగాడు. అటు చివర చూశాడు, అక్కడ రెండో వృత్తం గీతను కోసిన చోటు. ఇటు చూశాడు. ఫక్కున నవ్వాడు. తర్వాత ఎడమ చక్రాన్ని అక్కడ పెట్టి బ్రేకు వేశాడు.

లోపలి నుంచి ఒక వృత్తం, అటు లోపలి నుంచి ఇంకొకటి. మధ్యలో సుద్ద అయిపోతే మళ్ళీ కుప్పలో దొర్లించాడు. ఈసారి కోసుకున్నాయి, గీతకు పైన ఒకచోట, కింద ఒకచోట. కుర్చీ తిప్పుకుని పై చుక్క మీద కుడి చక్రం పెట్టి, రెండు చేతులతో సమానంగా, నాలుక బయటపెట్టి, కింది చుక్క దాకా నేరుగా తోశాడు. తెల్లటి గీత. కొంచెం వణికిన గీతే. కానీ చేరాల్సిన చోటికి చేరింది.

మాస్టారు దారాన్ని మడిచి కొలిచాడు. చిటికెన వేలు మందం తేడా. ఎడమ బ్రేకు కొంచెం లూజు సార్ అన్నాడు జడ్జిగారు.

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చున్నవాడు లేవలేదు. ఇది అసలు గీతకు మధ్య అని ఎలా చెప్పగలవు బాబూ, నువ్వు సగం చేసింది లోపలి ముక్కని కదా అని అడిగాడు.

రెండు వైపుల నుంచీ సమానంగా కొరికేశాను సార్, మధ్య ఎక్కడికి పోతుంది అన్నాడు.

అప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు. మేడం కొట్టలేదు. దగ్గరికి వచ్చి వంగి, చిన్న వృత్తం గీయమంటే ఎలా గీస్తావు అంది. గీయలేను మేడం. పెద్దది? అదీ గీయలేను, నాది ఒకటే సైజు. మరి ఎలా? ఇంకా తెలీదు మేడం, ఆలోచిస్తున్నాను, అన్నాడు.

ఆవిడ సరే అని వెళ్ళిపోయింది. సరే అంటే ఏమిటో చెప్పలేదు. మా అమ్మాయి నా మణికట్టు వదల్లేదు.

ఆగస్టు 20

స్టాఫ్ రూము మేడ మీదికి పోతోంది. ఆరో తరగతి కిందికి వస్తోంది. టీచర్లు మోకాళ్ళ నొప్పులని గొణుగుతున్నారట. వాళ్ళ మోకాళ్ళకు నా ప్రగాఢ సానుభూతి.

కిటికీ ఉందట. రెండు ఉన్నాయట. జడ్జిగారు వెళ్ళి లెక్కపెట్టి వచ్చాడు.

మా అమ్మాయి వంటింట్లో ఏదో పాట కూనిరాగం తీస్తోంది. మధ్యలో ఆపి, ఆ ఆరు ఎందుకు వస్తుందో నాకు ఎవరూ చెప్పలేదే అమ్మా అంది. జడ్జిగారిని అడుగు, నేను చెప్పను అన్నాను.

ఆగస్టు 25, మధ్యాహ్నం

ఆదివారం. జడ్జిగారు మంచం మీద పడుకుని ఉన్నాడు. కుర్చీ ఖాళీగా ఉంది. షెడ్డులోకి తోసుకెళ్ళి అందులో కూర్చున్నాను. చక్రం తడి చేశాను. బ్రేకు వేశాను. తోశాను.

ఆరు గీసేసరికి చేతులు పడిపోయాయి. చివరి రేకు మొదటిదాన్ని చేరలేదు. జానెడు దూరంలో ఆగిపోయింది.

వెనక మా అల్లుడి చేతుల్లో జడ్జిగారు. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో. ఉండు అమ్మమ్మా, నేను చేయి పడతాను అన్నాడు.

వద్దన్నాను.